ఇడ్లీ పద్ధతా, దోశ పద్ధతా? ఆరు బ్లాగులకి ఒక సర్వర్

మన సాహితీ క్లబ్‌కి ఇప్పుడు ఒక్క బ్లాగు చాలదు. ఈ ఈ-పత్రిక ఎలాగూ ఉంది. పద్యాలంటే ఇష్టపడే బ్యాచ్ తమకి వేరే చోటు కావాలంటోంది. నాటకాల టీమ్‌కి స్క్రిప్టులు, రిహార్సల్ ఫోటోలు పెట్టుకోవాలి. ఫోటోగ్రఫీ వాళ్లు, ఎన్ఎస్ఎస్ వాళ్లు "మాకూ ఒకటి ఇవ్వండి" అంటున్నారు. పాసవుట్ అయిన సీనియర్ల జ్ఞాపకాలకి ఇంకొకటి. మొత్తం ఆరు. వీటన్నిటికీ మనం పెట్టుకోగలిగింది మాత్రం 1 జీబీ మెమరీ, ఒకే ప్రాసెసర్ కోర్ ఉన్న చిన్న అద్దె సర్వర్.

"ఏ సాఫ్ట్‌వేర్ వాడదాం?" అని అడిగితే మా సీఎస్ఈ క్లాసులో ఒక్కొక్కళ్లు ఒక్కో పేరు చెప్తారు. ఎక్కువగా వాళ్లకి అలవాటైన పేరే చెప్తారు. పేరు చెప్పడం తేలికే. కానీ ఇక్కడ రెండు విషయాలు చూసుకోవాలి. చదివేవాళ్లు ఒక్కసారిగా వచ్చినప్పుడు పేజీ తెరుచుకోకపోతే వాళ్లు మళ్లీ రారు. అది చిన్న నష్టం. మనం పాసై వెళ్లిపోయాక సాఫ్ట్‌వేర్‌ని చూసుకునేవాళ్లు లేకపోతే రాసినవన్నీ పోతాయి. అది పెద్ద నష్టం. ఈ రెండూ దృష్టిలో పెట్టుకుని, కోడింగ్ రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పేజీ ఎప్పుడు తయారవుతుంది?

హాస్టల్ మెస్‌లో ఇడ్లీ రోజు, దోశ రోజు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇడ్లీలు పొద్దున్నే వాయిల లెక్కన వండి పెట్టేస్తారు. నూట యాభై మంది ఒకేసారి వచ్చినా తీసి ప్లేటులో వేయడమే పని. దోశ అలా కాదు. మనం వెళ్లి అడిగాక పెనం మీద పిండి పోయాలి, తిప్పాలి, తీయాలి. పెనాలు రెండే ఉంటే లైను మెట్ల దాకా వెళ్తుంది.

బ్లాగు సాఫ్ట్‌వేర్లు కూడా ఈ రెండు రకాలే. వర్డ్‌ప్రెస్ లాంటిది దోశ పద్ధతి. మీరు ఒక కవిత లింకు నొక్కగానే సర్వర్‌లో పీహెచ్‌పీ ప్రోగ్రామ్ ఒకటి పనిలోకి దిగుతుంది. వర్డ్‌ప్రెస్ కోడ్, దాని ప్లగిన్లు, థీమ్ అన్నీ లోడ్ చేసుకుంటుంది. డేటాబేస్‌ని వరసగా ప్రశ్నలు అడుగుతుంది: బ్లాగు సెట్టింగులు ఏంటి, ఈ కవిత ఏది, రాసింది ఎవరు, కామెంట్లు ఎన్ని, మెనూలో ఏమున్నాయి. వచ్చిన జవాబులన్నీ కలిపి ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ కట్టి పంపిస్తుంది. ఇంకో సెకనుకి మీ రూమ్మేట్ అదే కవిత తెరిస్తే ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. కవిత ఒక్క అక్షరం కూడా మారలేదు, అయినా సరే.

జెకిల్, హ్యూగో లాంటివి ఇడ్లీ పద్ధతి. రాసినవాళ్లు పబ్లిష్ చేసినప్పుడే పేజీలన్నీ ఫైళ్లుగా తయారైపోతాయి. ఆ తర్వాత సర్వర్ చేసేదల్లా ఫైలు తీసి పంపడమే. పీహెచ్‌పీ లేదు, డేటాబేస్ లేదు. దీన్నే స్టాటిక్ సైట్ అంటారు, మొదటిదాన్ని డైనమిక్ అంటారు.

ఒక కవితని రాసినవాళ్లు మూడుసార్లో నాలుగుసార్లో దిద్దుతారు. చదివేవాళ్లు మాత్రం వందల సార్లు తెరుస్తారు. అలాంటప్పుడు పని రాసేటప్పుడే పూర్తి చేసి పెట్టుకోవడం సర్వర్‌కి తేలిక. దోశకి ఉన్న లాభం వేరు. ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది, ఎవరికి కావాల్సింది వాళ్లకి వేసి ఇవ్వొచ్చు. లాగిన్, కామెంట్లు, వెతకడం లాంటివి డైనమిక్ సైట్‌లో తేలిగ్గా కుదురుతాయి.

చిన్న లెక్క

సర్వర్ లోడ్ అనే మాట చాలామంది గాలివాటంగా వాడేస్తారు. మన 1 జీబీ సర్వర్‌కి లెక్క వేసి చూద్దాం. ఇవి అంచనాలే, మీ సైట్‌లో అంకెలు మారతాయి, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

మెమరీ 1024 ఎంబీ. అందులో ఆపరేటింగ్ సిస్టమ్‌కి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి కలిపి 424 ఎంబీ వదిలేద్దాం. మిగిలింది 600 ఎంబీ. ఒక్కో పీహెచ్‌పీ వర్కర్ 50 ఎంబీ తీసుకుంటుందనుకుంటే ఒకేసారి 12 వర్కర్లు పనిచేయగలవు. అంటే మన దగ్గర 12 పెనాలు ఉన్నట్టు. ఒక పేజీ తయారవడానికి అర సెకను పడితే, ఒక్కో వర్కర్ సెకనుకి 2 పేజీలు, మొత్తం మీద సెకనుకి 24 పేజీలు. కోర్ ఒకటే కాబట్టి నిజంగా ఇంతకన్నా తక్కువే రావచ్చు. ప్రస్తుతానికి 24 అనుకుందాం.

మామూలు రోజుల్లో ఇది బోలెడు. కానీ చదివేవాళ్లు రోజంతా సమానంగా రారు. ఉగాది కవి సమ్మేళనం ఫోటోలు, కవితలు పెట్టి లింకుని అన్ని బ్రాంచిల వాట్సాప్ గ్రూపుల్లో వేశామనుకోండి. పది సెకన్లలో 600 మంది నొక్కితే సెకనుకి 60 వస్తాయి. 24 వెళ్తాయి, 36 లైనులో ఉంటాయి. పది సెకన్లకి లైనులో 360 మంది. కొత్తవాళ్లు ఒక్కళ్లు కూడా రాకపోయినా ఆ లైను తీరడానికి ఇంకో 15 సెకన్లు పడుతుంది. ఫోన్లో పేజీ రాకపోతే మనం ఊరుకుంటామా? రిఫ్రెష్ కొడతాం. దాంతో లైను ఇంకా పెరుగుతుంది.

"అయితే 12 బదులు 40 వర్కర్లు పెడదాం" అనిపిస్తుంది. 40 ఇంటూ 50 అంటే 2000 ఎంబీ. అంత మెమరీ మన దగ్గర లేదు. అప్పుడు లినక్స్ డిస్క్‌ని మెమరీలా వాడటం మొదలుపెడుతుంది, అంతా నత్తనడక అవుతుంది. అదీ చాలకపోతే ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రామ్‌ని లినక్సే ఆపేస్తుంది. చిన్న సర్వర్లలో చాలాసార్లు ఆ ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్ అవుతుంది. డేటాబేస్ పడిపోతే ఆరు బ్లాగులూ ఒకేసారి పోతాయి, ప్రతి పేజీలోనూ డేటాబేస్‌తో కనెక్షన్ కుదరలేదన్న ఒక్క వాక్యం కనిపిస్తుంది. మెమరీకి మించి పెనాలు పెడితే జరిగేది ఇదే.

అదే ఇడ్లీ పద్ధతిలో అయితే ఎంజిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ ఈ చిన్న మెషీన్ మీద కూడా సెకనుకి వందల కొద్దీ చిన్న ఫైళ్లు తేలిగ్గా పంపగలదు. ఆ 600 మంది వచ్చిన సంగతి దానికి పెద్దగా తెలియదు కూడా.

ఈ గొడవ కొత్తది కాదు

మనం పుట్టకముందు నుంచీ బ్లాగుల వాళ్లు ఇదే విషయం మీద తల పట్టుకుంటున్నారు. ఆ కథ కాస్త తెలిస్తే మన నిర్ణయం తేలికవుతుంది.

2001లో బెన్ ట్రాట్, మీనా ట్రాట్ దంపతులు మూవబుల్ టైప్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. పెర్ల్ భాషలో రాసింది. అది ఇడ్లీ పద్ధతి: పోస్టు సేవ్ చేయగానే సంబంధించిన పేజీలన్నీ ఫైళ్లుగా మళ్లీ కట్టేది. ఒకే ఇన్‌స్టలేషన్‌లో చాలా బ్లాగులు నడపొచ్చు. చదివేవాళ్ల వల్ల లోడ్ దాదాపు లేదు. చిక్కు రాసే వైపు వచ్చింది. పోస్టులు పెరిగేకొద్దీ మొత్తం సైట్‌ని మళ్లీ కట్టడానికి నిమిషాలు పట్టేది. కామెంటు పెట్టినప్పుడల్లా ఒక పెర్ల్ ప్రోగ్రామ్ మొదటి నుంచి లేచి నడవాలి. స్పామ్ వాళ్లు కామెంట్లు గుప్పించడం మొదలుపెట్టాక షేర్డ్ సర్వర్లు అల్లాడిపోయాయి.

2003 మే 27న వర్డ్‌ప్రెస్ వచ్చింది. మిషెల్ వాల్‌డ్రిగి రాసిన బీ2 అనే పాత సాఫ్ట్‌వేర్‌ని తీసుకుని మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ ముందుకు తీసుకెళ్లారు. ఇది దోశ పద్ధతి. మళ్లీ కట్టడం అనేదే లేదు, పోస్టు పెట్టగానే కనిపిస్తుంది. 2004లో మూవబుల్ టైప్ 3 వచ్చినప్పుడు లైసెన్స్ మార్చి, ఉచితంగా వాడేవాళ్లకి రచయితల సంఖ్య మీద, బ్లాగుల సంఖ్య మీద పరిమితి పెట్టారు. ఒక సర్వర్ మీద నాలుగైదు బ్లాగులు నడుపుతున్న వాళ్లకి అది గట్టి దెబ్బ. చాలామంది జీపీఎల్ లైసెన్స్‌తో వచ్చే వర్డ్‌ప్రెస్‌కి మారిపోయారు. అంటే జనం మారడానికి వేగం ఒక్కటే కారణం కాదు, ఎన్ని బ్లాగులైనా పెట్టుకునే స్వేచ్ఛ కూడా ఒక కారణం. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు లైసెన్స్ చదవాలని నేను అనేది అందుకే.

ఇంకోవైపు 1999లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మొదలుపెట్టిన లైవ్‌జర్నల్‌లో లక్షల మంది జర్నల్స్ రాసుకునేవాళ్లు. ప్రతి పేజీకీ డేటాబేస్‌ని అడుగుతుంటే తట్టుకోవడం కష్టమై, 2003లో ఆయన మెమ్‌క్యాష్‌డి తయారుచేశారు. ఒకసారి తెచ్చిన జవాబుని మెమరీలో దాచుకుని మళ్లీ వాడుకోవడం దాని పని. తర్వాత ఫేస్‌బుక్ లాంటి పెద్ద సైట్లు కూడా దాన్ని వాడాయి. ఈరోజు మనం ఇంటర్వ్యూల కోసం చదువుకునే క్యాషింగ్ టూల్ ఒకటి, డైరీ రాసుకునేవాళ్ల లోడ్ తట్టుకోవడానికి పుట్టిందన్నమాట.

ఆ తర్వాత చక్రం మళ్లీ తిరిగింది. 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూబీ భాషలో జెకిల్ రాశారు. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా గో భాషలో హ్యూగో మొదలుపెట్టారు. మళ్లీ ఇడ్లీ పద్ధతే, కాకపోతే ఈసారి కట్టే పని సర్వర్ మీద కాకుండా రాసేవాళ్ల ల్యాప్‌టాప్‌లో జరుగుతుంది. హ్యూగో వందల పేజీలని కూడా సెకన్లలో కట్టేస్తుంది.

ఒకటి కాదు, ఆరు

ఒక్క బ్లాగుకి ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఎలాగోలా నడుస్తుంది. ఆరు అనగానే అసలు తేడాలు బయటపడతాయి. మనకి నాలుగు దారులున్నాయి.

మొదటిది, ఆరు వర్డ్‌ప్రెస్‌లు విడివిడిగా పెట్టడం. దేనికదే వేరు కాబట్టి నాటకాల టీమ్ ఏదైనా ప్లగిన్ వేసి పాడుచేసుకున్నా పద్యాల బ్లాగు బాగానే ఉంటుంది. ఎవరైనా విడిగా వెళ్లిపోతామంటే మూటకట్టి ఇచ్చేయొచ్చు. కానీ సెక్యూరిటీ అప్‌డేట్ వస్తే ఆరు చోట్లా చేయాలి. పరీక్షల నెలలో ఆ పని ఎవరు చేస్తారు? ఒక్కటి పాతదిగా మిగిలిపోయినా హ్యాకర్‌కి అదే తలుపు. ఒకే యూజర్ అకౌంట్ కింద ఆరూ ఉంటే ఒకదానిలోంచి మిగతావాటిలోకి దూరడం పెద్ద కష్టం కాదు.

రెండోది వర్డ్‌ప్రెస్ మల్టీసైట్. ఇది ఒకప్పుడు వర్డ్‌ప్రెస్ ఎంయూ అనే వేరే సాఫ్ట్‌వేర్. 2010లో 3.0 వెర్షన్‌తో అసలు వర్డ్‌ప్రెస్‌లోనే కలిసిపోయింది. కోడ్ ఒకటే, డేటాబేస్ ఒకటే, బ్లాగులు ఎన్నైనా. యూజర్ల పట్టిక అందరికీ ఉమ్మడి, కాబట్టి ఒకే లాగిన్‌తో రెండు బ్లాగుల్లో రాయొచ్చు. పోస్టులు, కామెంట్లు, సెట్టింగులు మాత్రం ఒక్కో బ్లాగుకి వేరే పట్టికలు, బ్లాగుకి 10 చొప్పున. ఆరు బ్లాగులకి 60. మనకి ఇది సమస్య కాదు, వేల బ్లాగులు పెట్టేవాళ్లకి సమస్య అవుతుంది. ప్లగిన్లు, థీమ్‌లు కొత్తగా ఎక్కించే హక్కు సూపర్ అడ్మిన్‌కే ఉంటుంది, బ్లాగు అడ్మిన్లు ఉన్నవాటిలోంచి ఎంచుకోవాలి. ఫస్టియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కడో దొరికిన ప్లగిన్ తెచ్చి వేసేయడం ఆగిపోతుంది. సర్వర్ లోడ్ దృష్టితో చూస్తే ఈ ఒక్క నియమం చాలా కాపాడుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అప్‌డేట్ ఒకసారి చేస్తే ఆరూ బాగుపడతాయి, ఒకసారి చెడితే ఆరూ చెడతాయి. తర్వాత ఒక బ్లాగుని విడదీసి ఇవ్వాలంటే పోస్టులు, ఫోటోలు, యూజర్లు విడివిడిగా తీయాలి, కొంచెం ఓపిక కావాలి.

మూడోది స్టాటిక్. ఆరు ఫోల్డర్లు, ఒకే థీమ్, ఒక్కోదానికి ఒక సెట్టింగుల ఫైలు. లోడ్ దాదాపు లేదు. దాడి చేయడానికి లాగిన్ పేజీ కూడా లేదు.

నాలుగోది ఘోస్ట్. 2013లో వచ్చింది, నోడ్ జేఎస్ మీద నడుస్తుంది. రాయడానికి దాని ఎడిటర్ చాలా హాయిగా ఉంటుంది. కానీ ఒక ఇన్‌స్టలేషన్ అంటే ఒక ప్రచురణే. ఆరు కావాలంటే ఎవరూ చదవకపోయినా ఆరు నోడ్ ప్రోగ్రామ్‌లు ఎప్పుడూ మెమరీలో కూర్చుని ఉండాలి. మన 1 జీబీలో అది కుదరదు. ఒక్క పత్రిక నడిపేవాళ్లకైతే దాన్ని తప్పకుండా చూడమంటాను.

దోశని ఇడ్లీ చేయొచ్చు

లోడ్ ఒక్కటే చూస్తే స్టాటిక్ గెలిచింది. కానీ డైనమిక్ సాఫ్ట్‌వేర్‌కి కూడా పేజీ క్యాష్ అని ఒకటుంది. మొదటి మనిషి కోసం కట్టిన పేజీని ఫైలుగా దాచి, తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆ ఫైలే ఇస్తుంది. కవిత దిద్దితే పాత ఫైలు తీసేసి మళ్లీ కడుతుంది. వర్డ్‌ప్రెస్‌కి సూపర్ క్యాష్ లాంటి ప్లగిన్లు ఈ పని చేస్తాయి. సరిగ్గా అమర్చితే పీహెచ్‌పీని లేపకుండానే వెబ్ సర్వరే ఆ ఫైలు పంపేస్తుంది. అప్పుడు పై లెక్కలోని 12 పెనాలతో మనకి పెద్దగా పని లేదు.

క్యాష్ వేసేశాం కదా అని వదిలేయకూడదు. దాన్ని దాటి లోపలికి వచ్చేవి కొన్ని ఉంటాయి.

లాగిన్ అయి ఉన్నవాళ్లకి సాధారణంగా క్యాష్ పేజీ ఇవ్వరు. కాబట్టి చదవడానికి లాగిన్ పెట్టొద్దు, రాసేవాళ్లకి మాత్రమే ఉంచాలి.

వెతికే పెట్టె ఇంకొకటి. వర్డ్‌ప్రెస్ మామూలుగా పోస్టుల్లో మాట ఎక్కడ ఉన్నా పట్టుకోవాలని చూస్తుంది, దానికి ఇండెక్స్ ఉపయోగపడదు. డేటాబేస్ పోస్టులన్నీ మొదటి నుంచి చివరి దాకా చూడాలి. వందల పోస్టులకి ఫర్వాలేదు, వేలయితే తెలుస్తుంది.

లాగిన్ పేజీ మీద పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ బాట్‌లు రోజంతా కొడుతూనే ఉంటాయి. ప్రతి ప్రయత్నానికీ ఒక పీహెచ్‌పీ వర్కర్ పనిచేయాలి. ఒక ఐపీ నుంచి నిమిషానికి ఇన్నే అని వెబ్ సర్వర్‌లో పరిమితి పెట్టాలి. ఎక్స్‌ఎంఎల్ ఆర్‌పీసీ అనే పాత దారి మనకి అవసరం లేకపోతే మూసేయాలి.

ఇక షెడ్యూల్ పనులు. రేపు పొద్దున 6 గంటలకి పోస్టు రావాలని పెడితే, వర్డ్‌ప్రెస్ ఎవరైనా పేజీ తెరిచినప్పుడు మాత్రమే టైమ్ అయ్యిందా అని చూసుకుంటుంది. పేజీ క్యాష్ బాగా పనిచేస్తుంటే పీహెచ్‌పీ లేవదు, ఎవరూ చూసుకోరు, పోస్టు ఆలస్యమవుతుంది. ఆ పద్ధతి ఆపేసి, లినక్స్ క్రాన్‌తో ఐదు నిమిషాలకోసారి నడిపించాలి. మల్టీసైట్‌లో ఆరు బ్లాగులకీ విడివిడిగా నడిపించాలని మర్చిపోవద్దు.

ఫోటోలు కూడా. ఫోన్ కెమెరా నుంచి నేరుగా ఎక్కిస్తే ఒక్కోటి కొన్ని ఎంబీలు. వర్డ్‌ప్రెస్ వాటిని రకరకాల సైజుల్లోకి మార్చేటప్పుడు మెమరీ బాగా తీసుకుంటుంది. నాటకం అయిన రాత్రి ఐదుగురు ఒకేసారి వంద ఫోటోలు ఎక్కిస్తే చదివేవాళ్లు లేకపోయినా సర్వర్ కూలబడుతుంది. తగ్గించి ఎక్కించమని ముందే చెప్పాలి.

తెలుగుకి మాత్రమే వచ్చే చిక్కులు

ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో ఇవి కనపడవు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైట్, తెలుగులో ఒక్కో కోడ్ 3 బైట్లు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా కూడా విడిగా ఒక్కో కోడ్. పేజీ సైజు పెరుగుతుందని భయపడక్కర్లేదు, సర్వర్‌లో కంప్రెషన్ ఆన్ చేస్తే బాగా తగ్గిపోతుంది. అసలు దెబ్బ లింకులో తగులుతుంది.

వర్డ్‌ప్రెస్ పోస్టు పేరు నుంచి లింకు తయారుచేస్తుంది. లింకులో తెలుగు బైట్ ఒక్కోటి శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులవుతుంది. అంటే ఒక తెలుగు కోడ్‌కి 9. ఈ పేరుకి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200. కాబట్టి సుమారు 22 కోడ్‌లే పడతాయి. "ఉగాది కవి సమ్మేళనం విశేషాలు" అని పేరు పెట్టి చూడండి. మొత్తం 24 కోడ్‌లు, మధ్యలో మూడు ఖాళీలు. 219 అవుతుంది. లింకులో చివరి మాట "విశేష" దగ్గర తెగిపోతుంది. ఒకే రకం పేర్లతో వరసగా పెట్టే పోస్టులకి లింకులన్నీ ఒకటే అయిపోయి చివర 2, 3 అని అంకెలు తగిలించుకుంటాయి. అలాంటి లింకుని వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తుల తోరణంలా కనిపించొచ్చు. అందుకే పోస్టు పేరు తెలుగులో ఉంచి, లింకు మాత్రం పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో మనమే ఇవ్వడం మంచిది. తర్వాత వేరే సాఫ్ట్‌వేర్‌కి మారినా ఆ లింకులు అలాగే పనిచేయించొచ్చు.

రెండోది డేటాబేస్. మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అన్న పాత సెట్టింగు అక్షరానికి 3 బైట్ల వరకే ఇస్తుంది. తెలుగు అందులో పడుతుంది. ఎమోజీ 4 బైట్లు, పట్టదు. కవిత చివర ఒక ఎమోజీ పెడితే సేవ్ కాకపోవచ్చు. "యూటీఎఫ్8ఎంబీ4" వాడితే గొడవ లేదు. 2015లో వచ్చిన 4.2 నుంచి వర్డ్‌ప్రెస్ దీనికే మారింది. కానీ పాత బ్యాకప్ నుంచి తెచ్చుకున్న పట్టికలు పాత సెట్టింగులోనే ఉండిపోవచ్చు, ఒకసారి చూసుకోవాలి.

రాసేది ఎవరు?

ఇంతసేపూ సర్వర్ వైపు నుంచి మాట్లాడాను. ఇప్పుడు కుర్చీ అటు తిప్పుదాం. మన క్లబ్‌లో సివిల్ వాళ్లున్నారు, మెకానికల్ వాళ్లున్నారు. చాలామంది ఫోన్లోనే తెలుగు టైప్ చేస్తారు, బస్సులో వస్తూ రాస్తారు. హ్యూగో గురించి చెప్పి "ఫైలు రాసి గిట్‌లో పుష్ చేస్తే చాలు" అంటే, "అక్కా, నేను కవిత రాయాలా, ల్యాబ్ రికార్డు రాయాలా?" అని అడిగింది ఒక జూనియర్. అడగడంలో న్యాయం ఉంది. స్టాటిక్ సైట్లకి కూడా బ్రౌజర్‌లో రాసుకునే ఎడిటర్లు వచ్చాయి, కానీ వాటిని అమర్చి నిలబెట్టడానికి మళ్లీ ఒక సీఎస్ఈ మనిషి కావాలి.

సర్వర్ మీద లోడ్ తగ్గించి ఆ లోడ్ రాసేవాళ్ల నెత్తిన పెడితే రెండో నెలకి రాయడం మానేస్తారు. వర్డ్‌ప్రెస్‌లో ఫోన్ నుంచి రాయొచ్చు, డ్రాఫ్ట్‌ని ఎడిటర్ అక్క చూసి దిద్దొచ్చు, అడ్మిన్ స్క్రీన్లు తెలుగులో కూడా వస్తాయి. సాహిత్య క్లబ్‌కి ఇవి చిన్న విషయాలు కావు.

మనం వెళ్లాక

బీటెక్ నాలుగేళ్లు. ఇవాళ సర్వర్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఎల్లుండికి ఏ బెంగళూరులోనో ఉద్యోగంలో ఉంటారు. అప్‌డేట్ చేయని వర్డ్‌ప్రెస్ ఏళ్ల తరబడి క్షేమంగా ఉండటం కష్టం. అదే హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు పదేళ్లు ముట్టుకోకపోయినా తెరుచుకుంటాయి. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక పాత సంచికలు ఇవాళ్టికీ చదవగలుగుతున్నామంటే ఎవరో వాటిని ఓపికగా కాపాడుతూ వచ్చారు కాబట్టే.

"ఈ తలనొప్పులన్నీ ఎందుకు, బ్లాగర్‌లో పెట్టేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. నేను దాన్ని తీసిపారేయను. సర్వర్ లోడ్ గూగుల్ చూసుకుంటుంది, ఒకే అకౌంట్‌లో ఎన్నో బ్లాగులు పెట్టుకోవచ్చు, ఖర్చు లేదు. కూడలిలో కనిపించిన తొలినాటి తెలుగు బ్లాగుల్లో బోలెడు బ్లాగర్‌లోనే పుట్టాయి. కాకపోతే ఇల్లు మనది కాదు. 2009లో జియోసిటీస్, 2013లో పోస్టరస్ మూతపడ్డప్పుడు కాపీ దాచుకోనివాళ్ల రాతలు పోయాయి.

నేను అనేది ఇదీ

ఆరు బ్లాగులనీ ఒకే వర్డ్‌ప్రెస్ మల్టీసైట్‌లో పెడదాం. మొదటి రోజు నుంచే పేజీ క్యాష్ ఉండాలి. ప్లగిన్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చాలు. వర్కర్ల సంఖ్య మెమరీ లెక్క చూసి పెట్టాలి.

ప్రతి మే నెలలో, ఆ ఏడాది పూర్తయిన సంచికలని డబ్ల్యుగెట్ లాంటి టూల్‌తో మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా దించి పక్కన పెడదాం. కొత్తవి దోశల్లా ఉంటాయి, పాతవి ఇడ్లీలై నిలవుంటాయి. రేపు వర్డ్‌ప్రెస్ నడిపే ఓపిక ఎవరికీ లేకపోయినా, ఆ ఫోల్డర్ని ఏ సర్వర్ మీద పెట్టినా చదువుకోవచ్చు.

చూసుకోవడానికి ఇద్దరు కూడా ముందుకి రాకపోతే మాత్రం మల్టీసైట్ వద్దు, బ్లాగర్‌కే వెళ్దాం. డొమైన్ మాత్రం మనది ఉంచుకుని, ఏడాదికోసారి గూగుల్ టేకౌట్‌తో కాపీ తీసుకుందాం.

ఏ దారిలో వెళ్లినా నాలుగు పనులు తప్పవు. డొమైన్ పేరు ఒక స్టూడెంట్ సొంత మెయిల్ మీద కాకుండా క్లబ్ మెయిల్ మీద ఉండాలి. అడ్మిన్లు ఇద్దరుండాలి, అందులో ఒకళ్లు కచ్చితంగా జూనియర్ బ్యాచ్ వాళ్లై ఉండాలి. డేటాబేస్, ఫోటోల ఫోల్డర్ రెండూ కలిపి నెలకోసారి బ్యాకప్ తీసి సర్వర్ బయట దాచాలి, సెమిస్టర్‌కి ఒకసారైనా ఆ బ్యాకప్ నుంచి సైట్‌ని నిజంగా లేపి చూడాలి. ఏది ఎక్కడుందో, ఎప్పుడు రెన్యూ చేయాలో ఒక పేజీలో తెలుగులో రాసి పెట్టాలి.

రెండో అడ్మిన్‌గా ఉండటానికి ఇష్టమున్న ఫస్టియర్ వాళ్లు క్లబ్ మెయిల్‌కి పేరు పంపండి. లినక్స్ రాకపోయినా పర్లేదు, వచ్చి కూర్చుంటే రెండు శనివారాల్లో నేర్పించేస్తాం.